పెట్టె నవ్వాకే నవ్వాలి

ఆ రోజుల్లో మాకు నవ్వు కూడా ఢిల్లీ నుంచే వచ్చేది. ఎనభైల మధ్యకాలం సంగతి చెబుతున్నాను. పల్నాడులో అప్పటికింకా టీవీ అంటే వీధికొకటి. ఆ ఇంటి గడప ముందు చెప్పులు చూసి లోపల ఏ కార్యక్రమం వస్తోందో చెప్పేయొచ్చు. వార్తలైతే ఇంటివాళ్ళ చెప్పులే ఉంటాయి, సినిమా అయితే గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తాయి. పెట్టెలో తెలుగు వచ్చేది చారెడు, హిందీ వచ్చేది బండెడు. అయినా ఎవరూ లేచి వెళ్ళేవాళ్ళు కాదు. కరెంటు ఉండి, బొమ్మ కదులుతూ ఉంటే అది ఏ భాషలో కదిలితే ఏం? గోధుమ పంటకు పట్టే తెగుళ్ళ గురించి హిందీలో చెబుతుంటే, పుట్టి బుద్ధెరిగాక గోధుమ చేను చూడని మిరప రైతులు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆసాంతం చూడటం నేనెరుగుదును.

ఆ హిందీ బండెడులో ఆదివారం పొద్దున వచ్చే హాస్య సీరియల్ ఒకటి ఉండేది. దాని పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది నా కథ వదిలేసి దాని మొదట్లో వచ్చే పాట కూనిరాగం తీస్తూ కూర్చుంటారు. నరసరావుపేటలో మా అత్తవారింట్లో (అప్పటికింకా అత్తవారిల్లు కాలేదు, అదే కదా కథ) దాన్ని సోఫా సీరియల్ అనేవాళ్ళు. కథంతా ఒకే గదిలో ఒకే సోఫా చుట్టూ జరిగేది. ఆ సోఫాలో ఒక మొగుడూ, ఒక పెళ్ళామూ. తలుపు గంట మోగుతుంది, ఎవరో వస్తారు, ఏదో అంటారు, అనగానే కనపడని జనం పెట్టెలోంచి గొల్లున నవ్వుతారు. చూసేవాళ్ళకు ఆ నవ్వే ఆధారం. పెట్టె నవ్వగానే ముందు చాప మీదవాళ్ళు నవ్వేవాళ్ళు, తర్వాత కుర్చీల్లోవాళ్ళు, ఆఖరున కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్ళు. ఎవరైనా నవ్వకపోతే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నామని అడగటం మర్యాద కాదు.

ఇక నా సంగతి. నేను అప్పుడు నకరికల్లు దగ్గర ఒక హైస్కూల్లో హిందీ పండిట్‌ని, కొత్తగా చేరాను. హిందీ పండిట్‌కి ఊళ్ళో ఉండే గౌరవం గురించి ఎక్కువ చెప్పను, నాకే బాధ. మిగతా సబ్జెక్టుల కంటే హిందీకి పాస్ మార్కులు తక్కువ. ఆ తక్కువతనం పంతులుకీ అంటుకునేది. పెళ్ళి సంబంధాలవాళ్ళు వచ్చి "ట్యూషన్లుంటయ్యా?" అని అడిగేవాళ్ళు. హిందీకి ట్యూషనేంటి, నా మొహం! వాళ్ళు మంచినీళ్ళు తాగి, అదే వీధిలో లెక్కల మాస్టారి ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్ళేవాళ్ళు. అలా నా చేతులమీదుగా మా లెక్కల మాస్టారికి మంచి సంబంధం ఒకటి కుదిరింది కూడా.

పైగా నేను హిందీ నేర్చుకుంది తెలుగులో. మా గురువుగారు హిందీ పుస్తకం తెరిచి తెలుగులో పాఠం చెప్పి, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించేవారు. ఆ పద్ధతిలోనే పరీక్షలన్నీ వరసగా గట్టెక్కాను. పద్యమిస్తే ప్రతిపదార్థం రాసేవాణ్ణి, కవి పరిచయం అడిగితే జననం నుంచి మరణం దాకా దించేసేవాణ్ణి. కానీ హిందీవాడనేవాడు నా ఎదుట నిలబడి "ఎలా ఉన్నావు నాయనా" అని అడిగిన పాపాన పోలేదు. అడిగి ఉంటే వ్యాసరూపంలో జవాబు రాసిచ్చి ఉండేవాణ్ణి. నరసరావుపేట బజార్లలో ఉర్దూ చెవిన పడుతూనే ఉండేది గానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మా పుస్తకంలో లేదు మరి.

ఇలాంటి రోజుల్లో మా మేనత్త ఈ సంబంధం తెచ్చింది. నరసరావుపేటలో బట్టల కొట్టువాళ్ళు, పిల్ల డిగ్రీ చదివింది. వింతేమిటంటే వాళ్ళే కోరి హిందీ వచ్చిన అబ్బాయి కావాలన్నారట. "నీ జాతకం తిరిగిందిరా. ఆ పిల్ల నాయనమ్మది పట్టు. ఆవిడ ఊఁ అంటేనే ఆ ఇంట్లో అన్నం ఉడుకుద్ది" అంది మా అత్త. అప్పటికే మావాడికి హిందీ అంటే మంచినీళ్ళు తాగినట్టని వాళ్ళకు చెప్పి వచ్చింది కూడా. ఎందుకు హిందీయే కావాలన్నారో అడగాలని మాకిద్దరికీ తట్టలేదు. వర్జ్యం లేని వేళ చూసి, ఆదివారం పొద్దున పెళ్ళిచూపులకు ముహూర్తం పెట్టింది.

మేం వెళ్ళేసరికి ఆ ఇంటి గేటు బయటదాకా చెప్పులు. మా అత్త రిక్షా దిగుతూనే మురిసిపోయింది. "చూశా? నిన్ను చూట్టానికి బజారు బజారంతా వచ్చింది. తల దువ్వుకో." నేను తల దువ్వుకుని, గొంతు సవరించుకుని లోపలికి అడుగుపెట్టాను. ఒక్క తల కూడా నావైపు తిరగలేదు. కాబోయే మామగారు మాత్రం సగం లేచి, నోటి మీద వేలు పెట్టి, "రండి రండి, కూర్చోండి, మొదలయిద్దిప్పుడు" అని గుసగుసగా అని మళ్ళీ పెట్టెవైపు తిరిగారు. పెట్టెకు ఎదురుగా నవారు మంచం మీద నాయనమ్మ ఉంది. చిన్న మనిషి, పెద్ద గొంతు. నన్ను చూసి మంచం పక్క కుర్చీ చూపించింది.

"నువ్వేనా హిందీ అబ్బాయివి? ఇట్టా రా, నా పక్కన కూర్చో. యాడాది నుంచీ చూస్తన్నా నాయనా ఈ సోఫా బొమ్మ. మా పిల్ల చెప్తానే ఉంటది గానీ, అదేమన్నా హిందీ పండితురాలా? నిజంగా వాళ్ళేమంటన్నారో ఒక్కసారి తెలిసినోడి నోట వినాలని నా కోరిక. ఈ సాయిబున్నాడు చూడు, నవ్వుతాడు గానీ చెప్పి చావడు."

సాయిబు అంటే గడప దగ్గర స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని కూర్చున్న రేడియో సాయిబు. బజారు చివర రిపేరు కొట్టు ఆయనది. ఆదివారాలు ఏంటెనా సరిచేయటానికి వచ్చి, సరిచేశాక కూడా ఉండిపోయేవాడు. ఆ గదిలో ఆ మాటలు నిజంగా తెలిసింది ఆయనొక్కడికే. కానీ పాపం, ఆయన అరగంట నవ్వి అరముక్కలో చెప్పే రకం. ఏమంటున్నారు సాయిబూ అని ఎప్పుడడిగినా కళ్ళు తుడుచుకుంటూ, "ఏముంది పెద్దమ్మా, మొగుడూ పెళ్ళాం మాట్టాడుకుంటన్నారు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు ఏడాది పొడుగునా.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. నేను వచ్చింది పెళ్ళిచూపులకు కాదు, మౌఖిక పరీక్షకు. ఈలోగా అమ్మాయి ఉప్మా పళ్ళేలు తెచ్చి ఇచ్చి, నాయనమ్మ మంచం కోడు ఆనుకుని చాప మీద కూర్చుంది. ఇచ్చేటప్పుడు నావైపు ఒక్కసారి చూసింది. పరీక్ష హాల్లోకి స్క్వాడ్ వచ్చినప్పుడు పిల్లలు చూసే చూపు అది. ఎందుకలా చూసిందో తెలియలేదు. కానీ ఆ చూపుతోనే నా పని అయిపోయింది. ఈ అమ్మాయిని చేసుకోకపోతే ఇక నేను ఎవరినీ చేసుకోనని, చేతిలో ఉప్మా పళ్ళెం సాక్షిగా అనుకున్నాను. (అంతకు ముందు రెండు సంబంధాల్లో కూడా అనుకున్నాను గానీ, అప్పుడు ఉప్మా లేదు.)

సీరియల్ మొదలైంది. మొగుడు సోఫాలోంచి లేచి ఏదో గడగడా అన్నాడు. పెళ్ళాం అంతకంటే గడగడా ఏదో అంది. నేను చెవులు రిక్కించాను. నా డిప్లొమాల మీద ఒట్టు, చాయ్ అన్న మాట తప్ప ఒక్క ముక్క దొరికితేనా! మా పాఠ్యపుస్తకంలో మనుషులు ఒకరి తర్వాత ఒకరు, కామాల దగ్గర ఆగుతూ మాట్లాడుకునేవాళ్ళు. వీళ్ళకు కామా అన్నదే లేదు. పెట్టె నవ్వింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. "ఏందంటా?" అంది నాయనమ్మ నావైపు వంగి.

"ఉండండి మామ్మగారూ, వాక్యం పూర్తి కానివ్వండి. హిందీలో క్రియ చివర వస్తుంది" అన్నాను. (తెలుగులో కూడా చివరే వస్తుందన్న సంగతి, దేవుడి దయవల్ల, అక్కడ ఎవరికీ తట్టలేదు.)

ఇంతలో పెట్టెలో తలుపు గంట మోగింది. గొడుగు పట్టుకున్న ఒక లావుపాటాయన లోపలికొచ్చి, గదంతా కలయజూసి, సోఫాలో కూలబడ్డాడు. నాయనమ్మ "వచ్చాడమ్మా" అని చెంగు కళ్ళకద్దుకుంది. చాప మీద నుంచి అమ్మాయి మెల్లగా, నావైపు చూడకుండా, చెప్పటం మొదలుపెట్టింది. "మేనమామ మళ్ళీ వచ్చాడు నాయనమ్మా. నిన్న రాత్రంతా రైల్లో నిలబడి వచ్చాడు. ఇయ్యాలన్నా నేనే నీ మేనమామనని చెప్దామనుకున్నాడు. మేనకోడలు మొహం చూడంగానే నోరు రాలా. అందుకే ఊరికే, ఎండగా ఉందమ్మా అంటన్నాడు." నాయనమ్మ ముక్కు చీదింది. పెట్టె విరగబడి నవ్వింది. గడప దగ్గర సాయిబు పొట్ట పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు.

"అయినా ఆ మహానుభావుడు అట్టా కుమిలిపోతంటే ఆ జనం ఎందుకే నవ్వుతారు?" అంది నాయనమ్మ.

"లోకం అంతే గదా నాయనమ్మా. ఒకడు ఏడుస్తంటే పదిమంది నవ్వుతారు" అంది అమ్మాయి. గదిలో నలుగురైదుగురు అవునవునని తలలూపారు.

ఈ అమ్మాయికి హిందీ నా కంటే ఎంతో బాగా వచ్చు! ఎండ అన్న మాట కూడా పట్టుకుంది! నేను ఇప్పుడు నోరు విప్పితే తప్పు పట్టేది ఈ పిల్లే. బళ్ళో పిల్లల చేత అచ్చులూ హల్లులూ దిద్దించే పండిట్‌గారి భాగోతం కాబోయే పెళ్ళాం ముందే బట్టబయలవుతుంది. వెనకనుంచి మా అత్త వీపు మీద పొడుస్తోంది. "చెప్పరా! మాట్టాడవేంది? మంచినీళ్ళన్నానే!"

నిజంగా ఆ దేవుడే ఆదుకున్నాడు. బొమ్మ ఒక్కసారి వణికి మాయమై, అక్షరాలున్న అట్ట ఒకటి తెరమీదికి వచ్చింది. హిందీ అక్షరాలు! కదలకుండా, తొందర లేకుండా, మా పుస్తకంలో లాగే నిలబడి ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, "రుకావట్ కే లియే ఖేద్ హై" అని ఖంగున చదివి, "అంతరాయమునకు విచారించుచున్నాము" అని గ్రాంథికంలో అర్థం చెప్పాను. ఆ రోజు పెట్టెలో వచ్చిన హిందీలో నాకు పూర్తిగా అర్థమైంది ఆ ఒక్క వాక్యమే. నాయనమ్మ మొహం విప్పారింది. "చూశారా, చదువుకున్నోడంటే అట్టా ఉండాల! విచారిస్తన్నారంట పాపం, మంచోళ్ళు" అంది. తప్పు ఢిల్లీవాళ్ళదే అయినా అలవాటుకొద్దీ ఏంటెనా చూట్టానికి మామగారూ సాయిబూ మేడ మీదికి పరిగెత్తారు. వాళ్ళ వెనక సగం గది లేచింది. "ఆ బొమ్మ వచ్చేలోగా మీరిద్దరూ వసారాలో నిలబడి రెండు మాటలు మాట్టాడుకోండి" అని ఉత్తర్వు వేసింది నాయనమ్మ.

వసారాలో ఆనించి ఉన్న సైకిల్ పక్కన నిలబడ్డాం. నేనెలా ఒప్పుకోవాలా అని ఆలోచిస్తుంటే ఆ అమ్మాయే చేతులు జోడించింది. "మీకు పున్నెం ఉంటది. నాయనమ్మకి అసలు కత చెప్పబాకండి."

"అసలు కథ నాకేమన్నా అర్థమైతే గదండీ" అన్నాను.

ఆ అమ్మాయి జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. "అర్థం కావట్లేదా? మీకు?"

"ఒక్క ముక్క కూడా. మీకర్థమవుతోంది గదా, మీరే దయచేసి..."

"నాకా! నేను హిందీ గట్టెక్కిందే మా సారు జాలిపడి!"

ఇద్దరం ఒకేసారి సైకిల్ బెల్లు వంక చూశాం. తర్వాత ఆ అమ్మాయి గబగబా చెప్పేసింది. కిందటేడు వాళ్ళ తాతగారు పోయాక నాయనమ్మ మాటా పలుకూ లేకుండా మంచం పట్టిందట. ఒక ఆదివారం ఈ బొమ్మ చూసి "వాళ్ళేమంటన్నారే?" అని అడిగిందట. నెలల తర్వాత అడిగిన మొదటి మాట. తెలియదంటే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుందేమోనని నోటికొచ్చింది చెప్పిందట. "ఒక వారం చెప్పా. మళ్ళీవారం తర్వాతేమైందంది. ఇంక ఆపటానికి లేకపోయె. ఇప్పుడు పక్కబజారోళ్ళు కూడా నా కత కోసమే వస్తన్నారు. ఆ మేనమామ బయటపడాలని మా నాయనమ్మ శనివారాలు ఉపాసం ఉంటంది. ఇదంతా ఉత్తుత్తిదని పదిమందిలో తెలిస్తే ఆ ముసల్ది తట్టుకోలేదండీ. మళ్ళీ లేవదు." చెబుతుంటే కళ్ళనిండా నీళ్ళు. అంతలోనే తుడుచుకుని, "మీమీద అనుమానం వచ్చింది లెండి. సాయిబు బాబాయి పెట్టె కంటే ముందు నవ్వుతాడు. మీరు మాతోపాటు నవ్వారు. హిందీ మాస్టారు గదా, మర్యాదకి ఆగారేమో అనుకున్నా" అంది.

మేడ మీద నుంచి "వచ్చిందా?" అన్న కేక, లోపల నుంచి "వచ్చింది, వచ్చింది!" అన్న కేక వినపడ్డాయి. వెళ్ళి ఎవరి చోట వాళ్ళం కూర్చున్నాం. తెరమీద గొడుగాయన రుమాలు తీసి మొహం కప్పుకుని భోరుమంటున్నాడు. నాయనమ్మ ఇక ఆగలేకపోయింది. నా చెయ్యి పట్టుకుంది. "అబ్బాయ్, సూటిగా చెప్పు. నానబెట్టబాక. ఈయన ఆ పిల్లకి మేనమామ అవునా, కాదా? మా పిల్ల చెప్పేది నిజమేనా?"

పెట్టెను వదిలి తలలన్నీ నావైపు తిరిగాయి. సాయిబు కూడా నవ్వు ఆపి నా మొహంలోకి చూశాడు. అమ్మాయి తల వంచుకుని చాప ఈనెలు లాగుతోంది. నాకు తెలియదంటే నా సంబంధం పోతుంది, మా అత్త నన్ను ఊరిదాకా తిడుతూనే ఉంటుంది. కాదంటే ఆ ముసలామె మళ్ళీ మంచం పడుతుంది. అవునందామంటే తెలిస్తే గదా! అవునేమో, ఎవరికి తెలుసు? చివరికి ఉన్నమాటే అన్నాను.

"మామ్మగారూ, నేను బళ్ళో హిందీ చెప్పుకునేవాణ్ణే. కానీ ఈ కథ మీ మనవరాలు చెప్పినంత బాగా నాకు చెప్పటం రాదు. నాకే కాదు, ఆ ఢిల్లీవాళ్ళకు కూడా రాదు."

"కరెక్టుగా చెప్పాడు పెద్దమ్మా!" అన్నాడు సాయిబు గడప దగ్గర నుంచి. ఏడాదిలో ఆయన చెప్పిన రెండో వాక్యం అది. సరిగ్గా అప్పుడే పెట్టె పకపకా నవ్వింది. అలవాటు ప్రకారం గదంతా నవ్వింది. నాయనమ్మ మాత్రం నవ్వకుండా నన్నూ, మనవరాలినీ మార్చి మార్చి చూసింది.

"లెక్కల మాస్టారైతే అంతా నాకే తెలుసనేవాడు. పిల్ల ముందు తగ్గినోడు కాపరంలో కూడా తగ్గుతాడు. ఏరా, తాంబూలాలు పుచ్చుకోండి" అంది కొడుకుతో. మామగారు సీరియల్ అయ్యేదాకా ఆగి పుచ్చుకున్నారు.

పెళ్ళయింది. సోఫా సీరియల్ ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆగిపోయింది. చివరి వారం మా ఆవిడ గొడుగాయన చేత ఎలాగో నోరు విప్పించి మేనకోడలితో కలిపింది. నాయనమ్మ ఆ రోజు బజారంతా బూందీ పంచింది. తర్వాతెప్పుడో హైదరాబాదులో చదివే కుర్రాడొకడు వచ్చి, ఆయన మేనమామ కాదు, పై అంతస్తాయన, వాళ్ళింటికి రోజూ పేపరు చదువుకోటానికి వస్తాడని చెప్పాడు. నాయనమ్మ జాలిగా చూసి, "వాడికి హిందీ రాదులే పాపం" అంది. ఆవిడ పోయేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. నేను మాత్రం సిగ్గుపడి, సాయంత్రాలు సాయిబు కొట్టులో స్టూలు మీద కూర్చుని, ఆయనా ఆయన బేరగాళ్ళూ మాట్లాడుకునేది వింటూ చెవికి పదును పెట్టుకున్నాను. నోట్లోంచి ఒక్క వాక్యం రాని మనిషి దగ్గర నేను మాటలు నేర్చుకోవటం విచిత్రమే. పిల్లలకు పాఠం కూడా ఆ తర్వాతే కాస్త హిందీలో చెప్పగలిగాను.

ఆ సీరియల్ మాత్రం చావలేదు. కేబులొచ్చినప్పుడు మళ్ళీ వేశారు, సీడీలొచ్చినప్పుడు అమ్మారు, ఇప్పుడు ఫోన్లో ముక్కలు ముక్కలుగా తిరుగుతోంది. అందులో నటించినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, కానీ ఆ సోఫా పాతబడలేదు. దాన్ని తీసినప్పటికి పుట్టనివాళ్ళు కూడా చూసి నవ్వుతున్నారు. మొన్న మా మనవరాలు ఫోను చెంబుకు ఆనించి పెట్టి, "తాతా, ఇది చూడు, ఎంత కామెడీయో" అంది. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పక్కన చేరింది. తలుపు గంట మోగింది. గొడుగాయన వచ్చాడు. "అదుగో, మేనమామ" అని మా ఆవిడ మనవరాలికి మొదటినుంచీ కథ చెప్పటం మొదలుపెట్టింది. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చాడంది. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింటోంది.

గొడుగాయన అన్నది ఈసారి నాకు ప్రతి మాటా అర్థమైంది. నిజంగానే మహా గొప్ప చమత్కారం. నవ్వు గొంతుదాకా తన్నుకొచ్చింది. మా ఆవిడ కథ మధ్యలో ఆగి, కళ్ళజోడు పైనుంచి నావైపు చూసింది, వసారాలో సైకిల్ పక్కన చూసినట్టే. నేను పెదాలు బిగించుకుని, ఫోను నవ్వేదాకా ఆగాను. ఆనాడు ఆ కుర్చీలో బిక్కచచ్చి కూర్చున్న హిందీ పండిట్ భాష రాక ఆగాడు. వచ్చాక కూడా ఆగుతున్నానని తెలిస్తే వాడు ఏమనేవాడో! ఫోను నవ్వింది, మా ఆవిడ నవ్వింది, ఆ తర్వాత నేను నవ్వాను.